నొప్పి లేని నిఘంటువు

నంద్యాల, పద్మావతి నగర్
జూన్ 14

వదినా,

నీ పుస్తకం చేరింది. బస్సు కండక్టరు చేతికిచ్చి పంపి మంచిపని చేశావు. పోస్టులో వచ్చి ఉంటే పోస్టుమాన్ ముహూర్తం ఎప్పుడని అడిగేవాడు. నాలుగు మూలలా పసుపు, పైన శ్రీకారం, అట్ట మీద తామరపువ్వు! ఇంగ్లీషు మాటల పుస్తకం అచ్చు వేయించడానికి ఆళ్ళగడ్డలో శుభలేఖలు వేసే ప్రెస్సు తప్ప మరొకటి దొరకలేదా? 'సుళువైన ఇంగ్లీషు మాటలు, అర్థాలు, వాడుక' అని పేరు చదివాక గానీ ఎవరి పెళ్ళీ కాదని నాకు తెలియలేదు.

ముందే చెబుతున్నాను, దీని గురించి ఫోన్ చేయవద్దు. ఫోన్లో నువ్వు మాట్లాడేది సగం దగ్గు, సగం టీవీ సీరియల్. కాగితం మీద రాయి. కాగితం మీద అయితే నువ్వు నా మాటకు అడ్డం రాలేవు.

ముప్పైయేళ్ళు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పినదాన్ని కనుక అభిప్రాయం అడిగావు. చెబుతున్నాను, విను. 'హజ్బెండ్' అన్న మాటకు నువ్వు ఇచ్చిన అర్థం 'వారు'. ఎవరు వదినా? 'గో' అంటే 'వెళ్ళి రా' అట. ఎవరినైనా పొమ్మనాల్సి వస్తే నీ శిష్యురాళ్ళు ఏం చేయాలి, తాంబూలం ఇవ్వాలా? 'సిస్టర్ ఇన్ లా' దగ్గర 'ఆడపడుచు. పండుగలకు వచ్చును. ఓర్చుకొనవలెను' అని రాశావు. అది నిఘంటువులో రాసే సంగతి కాదు, నీ కడుపులో ఉన్న సంగతి.

ఇవి పోనీ. అసలు తప్పు వేరే ఉంది. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా వెతికాను. అందులో డాక్టరున్నాడు, నొప్పి లేదు. పోలీసున్నాడు, దొంగ లేడు. అంబులెన్సు కూడా ఉంది, అందులో ఎవరు ఎక్కుతారో తెలియదు, పేరంటానికి పోయేవాళ్ళు కాబోలు. జ్వరం, రక్తం, ఏడుపు, ఆకలి, భయం, చావు, ఏ ఒక్కదానికీ ఇంగ్లీషు మాట లేదు. 'యెస్' అన్న మాటకు మూడు రకాల వాడుక చూపించావు. 'నో' అన్న మాట ఎక్కడా లేదు. మరిచిపోయావా, లేక ప్రెస్సువాడు మింగేశాడా?

కమలిని

---

ఆళ్ళగడ్డ
జూన్ 19

కమలినీ,

నీ ఉత్తరం మీ అన్నయ్య పైకి చదివి వినిపించారు. చదువుతూ రెండు చోట్ల నవ్వారు. ఆ పూట ఆయన మజ్జిగలో ఉప్పు పడలేదు.

నేను మరిచిపోలేదు, ప్రెస్సువాడూ మింగలేదు. కావాలనే వదిలేశాను. ఎందుకో నీకు చెప్పాల్సి రావడమే వింత, నువ్వూ అహోబిలంలో కోవెల నీడన పెరిగినదానివే.

మా వసారాలో సాయంత్రం పదిమంది ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటారు. పగలంతా కూలిపనులు, బట్టల కొట్లు, శిల్పాల షెడ్లు. వాళ్ళకు తీరిక దొరికేది దీపాలు పెట్టే వేళకే. మా తాతగారు పిల్లలకు పాశురాలు సంత చెప్పినట్టే నేనూ మాటలు చెబుతాను. నేను ఒకసారి అంటాను, వాళ్ళు గొంతెత్తి రెండుసార్లు అంటారు. అలా నోటికి పట్టిన మాట చచ్చేదాకా పోదు. (చూశావా, నీ పుణ్యమా అని ఆ మాట కూడా రాయించావు.) ఇప్పుడు చెప్పు, సంధ్యవేళ, దీపం ముందు, పదిమంది ఒక్క గొంతుతో 'డెత్, డెత్, ఫీవర్, ఫీవర్' అని అరిస్తే పైన తథాస్తు దేవతలు ఊరుకుంటారా? వాళ్ళకు ఇంగ్లీషు రాదని నువ్వు పూచీ పడతావా? మన ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయనే ఎవరూ అనరు. నువ్వు నన్ను జబ్బులూ చావులూ సంత చెప్పమంటున్నావు.

నువ్వు కాలేజీలో ముప్పైయేళ్ళు చెప్పావు, ఒప్పుకుంటాను. నీ దగ్గర చదివిన మా పక్కింటి వందన నిన్న బ్యాంకులో ఇంగ్లీషు ఫారం నింపడానికి నా శిష్యురాలు ప్రసన్నను తోడు తీసుకుపోయింది. ఇదీ నీ డిగ్రీ.

ప్రసన్న అంటే శిల్పాల షెడ్డులో విగ్రహాలకు నునుపు పట్టించే పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఇద్దరు బిడ్డల తల్లి. మొగుడు జకరయ్య మంచి చెక్కుడు పనివాడు, రాతిదుమ్ము ఛాతీలో చేరి ఇప్పుడు ఉలి ఎత్తలేడు. అందుకని ఈమె కువైట్‌లో ఇంటిపనికి పోతోంది. కడప ఏజెంటు అన్నీ కుదిర్చాడు. ఆ ఇంటావిడ తన పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడే మనిషి కావాలందట. దసరాకి ముందే ప్రయాణం. నా పుస్తకంలో ప్రతి మాటా దానికి నోటికి వచ్చు. ఈ సంబంధం తప్పితే ఆ ఇల్లు నిలవదు.

భూదేవి

---

నంద్యాల
జూన్ 25

వదినా,

ఇన్నాళ్ళూ నీది తెలివితక్కువతనం అనుకున్నాను. కాదు, ఇది పాపం.

ఒక ఆడమనిషి సముద్రం దాటి, తెలిసిన మొహం ఒక్కటి లేని ఇంటికి పోతోంది. ఆమెకు మూటగట్టి నువ్వు ఇచ్చిందేమిటి? పువ్వు, పండు, ఉదయం, ధన్యవాదం, దయచేయండి. మరిగే నూనె చేతి మీద పడితే ఏమనాలి? 'గుడ్ మార్నింగ్' అనాలా? కడుపులో నొప్పి లేస్తే 'ఫ్లవర్, ఫ్లవర్' అనాలా? ఆ ఇంట్లో ఏ మగవాడో చేయి పట్టుకుంటే నీ పుస్తకంలో మూడు రకాల వాడుక ఉన్న మాట ఏదో గుర్తుంది కదా? 'యెస్' అట!

శుభం పలకరా పెళ్ళికొడకా అంటే వాడు ఏమన్నాడో లోకానికి తెలుసు. నీ పుస్తకం చూశాక నాకు ఆ పెళ్ళికొడుకు మీద గౌరవం పెరిగింది. కనీసం వాడికి అడగవలసింది అడగడం వచ్చు.

తథాస్తు దేవతలంటే అంత భయమున్న దానివి, ఆ ఇంటి మీద రాతిదుమ్ము పడినప్పుడు వాళ్ళు ఎక్కడున్నారో అడగలేకపోయావా? జకరయ్య రోజూ అశుభం పలికాడా? దేవుళ్ళనే చెక్కాడు కదా.

ఆ ప్రసన్నను నా దగ్గరికి పంపు. ఇక్కడే ఉంటుంది, తింటుంది. నీ పూలూ పళ్ళూ తుడిచేసి, మనిషికి అవసరమైన మాటలు నేర్పి పంపుతాను. నువ్వు వసారాలో కూర్చుని శుభాలు పలుకుతూ ఉండు.

కమలిని

---

ఆళ్ళగడ్డ
జూలై 3

కమలినీ,

ప్రసన్నను పంపుతున్నాను. నీ ఉత్తరానికి భయపడి కాదు. నూనె సంగతి చదివాక ఆ పూట గారెలు వేయబోయి మూకుడు దించేశాను. అంతవరకే ఒప్పుకుంటాను, ఇంకో అక్షరం ఒప్పుకోను.

నా ఇంట్లో చెప్పను గానీ నీ ఇంట్లో చెబితే నాకు అభ్యంతరం లేదు. నువ్వు సంధ్యాదీపం పెట్టి ఎన్నాళ్ళయిందో ఆ పెరుమాళ్ళకే తెలియాలి, తథాస్తు దేవతలు నీ వీధి మొహం చూసి ఉండరు. అయినా పొద్దున పూటే చెప్పు. ఆ పిల్ల పోయేది దూరదేశం.

ఇంకొక మాట. అది పనిమంతురాలు. కూర్చోబెట్టి పాఠం చెప్పు. చీపురు దాని కంట పడనీయకు, పడితే ఊరుకోదు. నిన్ను నేను ఎరుగుదును, నువ్వు చూస్తూ ఊరుకుంటావు.

శ్రావణం దాటకముందే తిరిగి పంపించాలి. కడపలో వైద్యపరీక్ష ఉంది. ఇంటావిడ కూడా వీడియోలో ఒకసారి మాట్లాడి ఖాయం చేస్తుందట.

భూదేవి

---

నంద్యాల
జూలై 20

వదినా,

నువ్వు పంపింది మనిషినా, మారుమోగే కొండనా? నేను ఏ మాటన్నా రెండుసార్లు, అదీ రాగం తీసి అంటుంది. 'పెయిన్' అంటే 'పెయిన్, పెయిన్' అని కోవెల గోష్ఠిలో పారాయణం చేసినట్టు. నొప్పిని అంత శ్రావ్యంగా చెబితే ఏ డాక్టరూ నమ్మడు. ఈ సంత రోగం వదిలించడానికే నాకు వారం పట్టేట్టుంది.

మాటలు మాత్రం పట్టుకుంటుంది. బర్న్, బ్లీడింగ్, ఫీవర్, హెల్ప్, స్టాప్, అన్నీ వచ్చాయి. రానిది ఒక్కటే. 'నో'. ఆ మాట తెలియక కాదు, ప్రపంచంలో ఆ మాట తెలియనివాళ్ళెవరు? అనడం రాదు. దీనికి నా సొంత పద్ధతి ఒకటి పెట్టాను. నేను యజమానురాలిని, ఆమె పనిమనిషి. నేను పని చెబుతాను, ఆమె 'నో' అనాలి. అంతే ఆట.

మొదటిరోజు "ఫ్యాను తుడువు" అన్నాను. చక్కగా "నో" అంది. శభాష్ అనుకునేలోపల స్టూలు తెచ్చుకుని ఫ్యాను తుడిచేసింది.

"నో అన్నావు కదా, మళ్ళీ ఎందుకు తుడిచావు?" అని అడిగాను.

"మాట నువ్వే అనమన్నావు, పనీ నువ్వే చెప్పినావు. రెండూ చేసినా మేడమ్," అంది.

రోజూ ఇదే తంతు. అటక దులపమన్నాను, నో అని దులిపింది. గ్రిల్స్ కడగమన్నాను, నో అని కడిగింది. నిన్న తిక్కరేగి మేడమీది నీళ్ళట్యాంకు దించమన్నాను. నో అని మెట్లెక్కింది. వెనకాల పరుగెత్తి పట్టుకోవాల్సి వచ్చింది. ఇల్లు తళతళలాడుతోంది, పాఠం అంగుళం కదల్లేదు. ఇదంతా నీ వసారాలో నేర్పిన వినయం. దీన్ని వినయం అనరు వదినా, బానిసతనం అంటారు. ఆ మాట కూడా నీ పుస్తకంలో లేదు.

చారు మాత్రం బాగా పెడుతుంది.

కమలిని

---

ఆళ్ళగడ్డ
ఆగస్టు 1

కమలినీ,

నీ పద్ధతి చదివి మీ అన్నయ్య, నేను కడుపు పట్టుకుని నవ్వాం. పనిమనిషిని పెట్టుకున్నానని రాయడానికి ఇంత పాఠం అవసరమా? ఫ్యాన్లు, అటక, గ్రిల్స్, చారు. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసినవాళ్ళు దీన్ని ఆట అంటారు కాబోలు. మా ఊళ్ళో వెట్టి అంటారు.

నవ్వు అక్కడితో ఆగింది. మొన్న ప్రసన్న ఫోన్ చేసి జకరయ్య మందుల సంగతి మాట్లాడుతూ మధ్యలో అంది, "అమ్మా, మేడమ్‌కి గేటు చప్పుడు ఇనపడదు. కుక్కర్ కూత కూడా ఇనపడదు. పాలాయన అరిచి అరిచి పోతాండు. నేను పోతే ఆమె ఎట్ల ఉంటాది?"

అదా సంగతి. అందుకా ఫోన్ వద్దన్నావు. నా దగ్గూ, నా సీరియలూ అని నింద నా మీద వేసి, ఉత్తరాలు రాయమని గొప్పగా హుకుం జారీ చేశావు. నేను వదిలేసిన మాటలన్నీ ఏకరువు పెట్టావు కదా, నొప్పి, రక్తం, భయం అని. అశుభం అని నేను మాటలు దాచితే మూఢత్వం అన్నావు. మరి నువ్వు దాచినదాన్ని ఏమనాలి? చెవుడు అన్న మాటకు ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. నీకు తెలిసీ రాయలేదు.

మీ అన్నయ్య ఈ సంగతి విన్న దగ్గరనుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. కర్నూలులో చెవుల డాక్టరు ఉన్నాడట, తీసుకుపోతానంటున్నారు.

ప్రసన్నను ఈ వారం పంపించు. ఏజెంటు తొందరపడుతున్నాడు.

భూదేవి

---

నంద్యాల
ఆగస్టు 8

వదినా,

డెఫ్. డి, ఇ, ఏ, ఎఫ్. అర్థం: చెవిటి. వాడుక: కమలిని ఈజ్ డెఫ్. రాశాను. సంతోషమా? కావాలంటే సాయంత్రం వసారాలో పదిమంది చేత రెండేసిసార్లు అనిపించుకో.

రెండేళ్ళయింది. ఇంట్లో ట్యూషన్ ఎందుకు మానేశానని మీరెవరూ అడగలేదు, విసుగు పుట్టిందని నేనే ఊరంతా చెప్పాను. ఒకనాడు ఒక అమ్మాయి ఏదో సందేహం అడిగింది. నేను వేరేదేదో విని పది నిమిషాలు జవాబు చెప్పాను. మిగతా పిల్లలు నోరు మూసుకుని నవ్వుకున్నారు. వాళ్ళ భుజాలు కదలడం కనబడింది. మరునాడే బోర్డు తీసేశాను. అన్నయ్యతో చెప్పు, నాకు డాక్టరూ అక్కర్లేదు, జాలీ అక్కర్లేదు. నీ జాలి అసలే అక్కర్లేదు, దానికి పసుపు పూసి ఉంటుంది.

ఇక ప్రసన్న సంగతి. ఆమె సిద్ధంగా లేదు. 'నో' అనడం రాని మనిషిని పరాయి ఇంటికి పంపను. తలనొప్పి, గుండెనొప్పి తేడా చెప్పడం రాలేదు. అందుచేత ఏజెంటుకు నేనే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ఈమెకు ఇంగ్లీషు ఇంకా చాలదు, ఇప్పుడు పంపవద్దు, కొన్నాళ్ళు ఆగమని. ఇంగ్లీషులోనే, మర్యాదగా పెట్టాను. ప్రసన్నకు చెప్పలేదు, ఊరికే బెంగపడుతుంది.

ఆమె ఇక్కడ సుఖంగానే ఉంది. గేటు దగ్గరికి ఎవరొచ్చినా వచ్చి నా భుజం తట్టి చెబుతుంది. ఇద్దరం రాత్రి భోజనాలు కలిసే చేస్తున్నాం.

కమలిని

---

ఆళ్ళగడ్డ
ఆగస్టు 14, సంధ్యవేళ

కమలినీ,

మర్యాదగా పెట్టావా? నీ మర్యాద మంటగలవ.

ఏజెంటు జకరయ్యకు ఫోన్ చేశాడు. మీ ఆడమనిషికి ఇంగ్లీషు రాదని ఎవరో లెక్చరరే రాశారు, ఆ ఇంటావిడ ఇక ఆగదు, గడివేములలో ఇంకొకామె సిద్ధంగా ఉంది, ఆమెను మాట్లాడతానన్నాడట. జకరయ్య దగ్గుకుంటూ, గోడ పట్టుకుంటూ మా ఇంటిదాకా నడిచి వచ్చాడు. "అమ్మా, మేం ఏం తప్పు చేసినాం?" అని అడిగాడు. మీ అన్నయ్య లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ పిల్ల నీకు అన్నం పెట్టింది, ఇల్లు కడిగింది, నీకు చెవులైంది. నువ్వు దాని నోటి దగ్గర కూడు తీసేశావు. పైగా దాని మేలు కోసమట. 'నో' అనడం రాలేదని పంపవా? అది 'నో' అనడం నేర్చుకుంటే మొట్టమొదట నష్టపోయేది నువ్వే, అందుకే అది ఎన్నాళ్ళకూ నేర్చుకోదు. నీ పాఠం అంగుళం కదలలేదని రాశావే, కదలనిచ్చావా?

నా పుస్తకంలో దొంగ ఎందుకు లేడని అడిగావు. ఇప్పుడు రాస్తున్నాను. దీపం వెలిగించి, దాని ముందే కూర్చుని, తథాస్తు దేవతలు తిరిగే వేళలో రాస్తున్నాను. నువ్వు దొంగవి.

తోడు కావాల్సి ఉంటే అడగవచ్చు కదా? వదినా, ఒంటరిగా ఉండలేకపోతున్నాను అని ఒక్క ముక్క రాసి ఉంటే మేమిద్దరం మూటాముల్లె సర్దుకుని వచ్చేవాళ్ళం. నువ్వంటే ప్రేమ ఉండి కాదు, ఆయన చెల్లెలివి కనుక. ఆ ఒక్క ముక్క నీకు ఇంగ్లీషులోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు. మమ్మల్ని వెక్కిరించడానికి మాత్రం రెండు భాషలూ వచ్చాయి.

ఆ మెసేజ్ వెనక్కి తీసుకుంటావో, ఏజెంటు కాళ్ళే పట్టుకుంటావో నాకు తెలియదు. దాని ప్రయాణం ఆగితే ఈ ఇంటి గడప నువ్వు తొక్కవద్దు.

భూదేవి

---

నంద్యాల
ఆగస్టు 23

వదినా,

దొంగ అన్నది సరైన మాటే. వాడుకలో ఎక్కడా తప్పు లేదు. నీకు ఇన్నేళ్ళకు మొదటిసారి మార్కులు వేస్తున్నాను.

నీ ఉత్తరం అందిన పూటే ప్రసన్నకు జకరయ్య ఫోన్ కూడా వచ్చింది. ఉత్తరం నేను వరండాలో చదువుతున్నాను. తలెత్తితే ప్రసన్న వంటింటి గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటిలా దగ్గరికి రాలేదు, అక్కడినుంచే పెద్దగా అడిగింది.

"మేడమ్, నువ్వు మెసేజ్ పెట్టినావంట."

"నీ మంచికే పెట్టాను. ఇంకో నెల ఉండు. నీకు ఇంకా రావలసింది చాలా ఉంది," అన్నాను.

ఆమె పెదవులు కదిలాయి. ఏమందో నాకు వినపడలేదు. వినపడనప్పుడు ఏం చేయాలో నాకు బాగా అలవాటైపోయింది, ఎదుటివాళ్ళు సరే అన్నారని అనుకుంటాను. "సరే, పొద్దున వడలు వేద్దాం, పప్పు నానబెట్టు," అన్నాను.

అప్పుడు రెండోసారి అంది. సంత చెప్పినట్టు, గొంతెత్తి, ఒక్కొక్క మాటా విడివిడిగా. "నో. ఐ యామ్ గోయింగ్." అది వినపడింది వదినా. వీధిలో పోయే ఆటోవాడికి కూడా వినపడి ఉంటుంది.

పప్పు నానబెట్టలేదు. డబ్బా మూత కూడా తీయలేదు. పోయి తన సంచి సర్దుకుంది. ఇన్నాళ్ళూ మాట ఒకటి, చేత ఒకటి అని నేను తిట్టిన మనిషికి ఆ పూట రెండూ ఒకటయ్యాయి. నా మొహం మీద తలుపు వేసినట్టయింది. కోపం వచ్చింది, అబద్ధమెందుకు. ఎంత పొగరు అనుకున్నాను. నేను తిండిపెట్టి నేర్పిన మాట నా మీదే వాడుతుందా అనుకున్నాను. కాసేపయ్యాక, మరెవరి మీద వాడాలని నేర్పావే అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. సిగ్గేసింది.

ఏజెంటుకు మళ్ళీ రాశాను. ఈసారి మర్యాద ఏమీ లేదు. నేను రాసింది అబద్ధం, ఈమెకు కావలసినంత ఇంగ్లీషు వచ్చు, నా స్వార్థానికి ఆపాను, అని రాశాను. వాడు నమ్మలేదు. గడివేముల మనిషితో మాట అయిపోయిందన్నాడు. మరునాడు పొద్దునే ప్రసన్నను బస్సెక్కించుకుని నేనే కడప వెళ్ళాను. వాడి ఆఫీసులో బల్ల ముందు కూర్చుని, ఆ ఇంటావిడను వీడియోలో పిలిచేదాకా లేవనన్నాను. వాడు ఏమేమో అన్నాడు. చెవుడు ఉండటంలో అదొక సుఖం, ఏ తిట్టూ లోపలికి రాదు. చివరికి విసిగిపోయి పిలిచాడు.

ఫోన్లో నల్లటి బట్టల్లో ఒకావిడ, ఆమె వెనక ఇద్దరు పిల్లలు. ప్రసన్న మాట్లాడుతోంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను, ఒక్క ముక్క వినపడితే ఒట్టు. ముప్పైయేళ్ళు ఎందరికో పరీక్షలు పెట్టినదాన్ని, నేను నేర్పిన మనిషి పరీక్ష నాకు మూగబొమ్మలాట అయింది. మధ్యలో ఒకచోట ప్రసన్న తల అడ్డంగా ఊపింది. ఆవిడ మొహం మాడింది. అయిపోయింది, నేనే చెడగొట్టాను, ఆ 'నో' నేర్పి ఈమె కొంప ముంచాను అనుకున్నాను. ఆవిడ పక్కకు తిరిగి ఎవరితోనో ఏదో అంది. పిల్లలు నవ్వారు. ఆవిడా నవ్వింది.

బయటికి వచ్చాక, "ఏమడిగింది?" అన్నాను. ప్రసన్న నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది.

"రాత్రిపూట పిల్లోళ్ళ రూములో కింద పండుకోమనింది మేడమ్. నో అన్నా. మంచం కావల్ల అన్నా. ఇస్తాననింది."

ఖాయమైంది వదినా, వైద్యపరీక్ష ఒక్కటే మిగిలింది. గడివేముల ఆమెకు వేరే ఇల్లు చూస్తాడట, అందాకా ఆమె ఉసురు నా ఖాతాలోనే ఉంటుంది. ప్రసన్న మొన్న పొద్దున మీ ఊరి బస్సెక్కింది. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి పంపేదాన్ని, కానీ అప్పటికి ఒక్క అక్షరం రాయలేకపోయాను.

పోయేముందు చారు కాచి, మూత పెట్టి, స్టవ్ కట్టేశానని నాకు చేత్తో సైగ చేసి చూపించింది. కాళ్ళకు దండం పెట్టబోతే వద్దన్నాను. గేటు వేసుకుని సందు మలుపుదాకా నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను మాత్రం చూస్తూ నిలబడి, ఆమె మలుపు తిరిగాక ఏడ్చాను. పాలాయన వచ్చి ఎంతసేపు పిలిచాడో తెలియదు, పాల ప్యాకెట్ గేటు మీద పెట్టిపోయాడు.

నీ పుస్తకం గురించి నా అభిప్రాయం మారలేదు. అది చెత్త పుస్తకం. మలి ముద్రణ వేస్తే నేను దిద్దుతాను, ఆ తామరపువ్వు తీసేస్తేనే. నీ సంత పద్ధతి గురించి మాత్రం ఇక ఏమీ అనను.

నీ గడప తొక్కవద్దన్నావు. తొక్కను. మీరే నా గడప తొక్కండి. రాత్రి ఎవరైనా తలుపు కొడితే వినపడదు కదా అని మెలకువగా పడుకుంటున్నాను. పగలంతా గేటు వైపే చూస్తూ కూర్చుంటున్నాను. వదినా, నాకు భయంగా ఉంది. అన్నయ్యను తీసుకుని రా.

కమలిని